పుర్రచేతి బేస్

పొద్దున జరిగిన ఒక్క ప్రమాదం తప్ప, ఆ రోజు మధ్యాహ్నం దాకా అంతా సవ్యంగానే నడిచింది.

అన్నయ్య డ్రమ్స్ రికార్డింగ్ పదకొండింటికల్లా అయిపోయింది. అన్నయ్య చొక్కా పిండితే చెంబుడు చెమట వచ్చేట్టుంది, అయినా మొహం మాత్రం వెలిగిపోతోంది. ఇక మిగిలింది చెల్లెలి బేస్ గిటార్ ఒక్కటే. నాలుగు నిమిషాల పాట. అన్నాచెల్లెళ్ళిద్దరూ రెండేళ్ళపాటు గొడవలు పడుతూ, అలుగుతూ, మళ్ళీ కలుస్తూ కట్టుకున్న పాట.

ఇంత హడావిడిగా రికార్డు చేయడానికి కారణం ఉంది. అన్నయ్య కుడిచెవి కిందటేడే పూర్తిగా పోయింది. ఎడమది కూడా అదే దారిలో ఉందనీ, ఎన్ని నెలలో చెప్పలేననీ చెవుల డాక్టరు చేతులెత్తేశాడు. "వినబడుతుండగానే మన పాట ఒక్కసారి మొత్తం వినాలి. ఆ తర్వాత చెవులుంటే ఎంత, ఊడితే ఎంత," అని అన్నయ్య నవ్వుతూనే అన్నాడు. ఆ పూట చెల్లెలికి ముద్ద దిగలేదు.

ఆమెను ఇంట్లోవాళ్ళూ బ్యాండువాళ్ళూ పుర్రి అనే పిలుస్తారు. పుర్రచేతివాటం మనిషి. గిటార్ల దుకాణానికి వెళితే గోడనిండా గిటార్లే గానీ ఆమెకు పనికొచ్చేది ఒక్కటీ ఉండదు, అన్నీ కుడిచేతివాళ్ళవే. చివరికి కుడిచేతి బేస్ ఒకటి తీసుకుని, తిరగేసి, తీగలన్నీ ఊడదీసి అటువి ఇటు బిగించుకుంది. అప్పుడు ధ్వని పెంచే, తగ్గించే మీటలు పైకొచ్చి ముంజేతికి తగిలేవి. పాట మంచి పట్టులో ఉండగా ధ్వని దానంతటదే తగ్గిపోయేది. "నీకు కాదే, నీ బేస్‌కి తిక్క," అని అన్నయ్య ఏడిపించేవాడు.

ఆ తిక్క బేస్ ఆ పొద్దున్నే విరిగింది. స్టూడియో ఒక టైల్స్ దుకాణం కింద, నేలమాళిగలో ఉంది. వానకు తడిసిన మెట్టు మీద పుర్రి కాలు జారింది. ఆమెకేం కాలేదు గానీ, బేస్ మెడ దగ్గర పుటుక్కుమంది.

"ఈ రోజు తప్పితే మళ్ళీ నెలన్నర దాకా స్టూడియో ఖాళీ లేదన్నారే," అని అన్నయ్య మెట్ల మీదే కూలబడ్డాడు.

స్టూడియో నడిపే ఆయన అరవై దాటిన మనిషి. అందరూ సౌండాయన అంటారు. మాట తక్కువ. విరిగిన బేస్‌ను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తీగల వరస దగ్గర ఆగాడు. తర్వాత పుర్రి చేతులకేసి చూశాడు.

"ఎడమచేత్తో వాయిస్తావా అమ్మా?"

"అవునండీ. మా ఇంటావంటా లేదు, నాకొక్కదానికే వచ్చింది."

ఆయన నవ్వలేదు. డ్రమ్స్ పని అయ్యాక లోపలి కొట్టుగదిలోకి వెళ్ళి, ఒక నల్లటి పెట్టెతో వచ్చాడు. పెట్టె మీద దుమ్ము వేలుమందం పేరుకుంది. మూత తెరిస్తే లోపల ఎడమచేతి బేస్. అచ్చంగా ఎడమచేతివాళ్ళకోసమే చేసింది.

"దీన్ని తెరిచి పదకొండేళ్ళయింది," అన్నాడు.

"ఎవరిదండీ?"

"మా తమ్ముడిది."

"ఇప్పుడాయన వాయించట్లేదా?"

సౌండాయన తీగల మీద దుమ్ము తుడుస్తూ, "లేదమ్మా," అన్నాడు.

పుర్రి దాన్ని మెడలో వేసుకుంది. బేస్ మెడ మీది మెట్లు కుడిచేతి వేళ్ళకిందికి వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. ముంజేతికి ఏదీ తగల్లేదు. ఇన్నేళ్ళూ ఎవరి చెప్పులో వేసుకుని నడిచి, మొదటిసారి తన చెప్పుల్లో కాళ్ళు పెట్టినట్టు అనిపించింది. శ్రుతి చేసుకుందామని తీగ మీటింది. శ్రుతి సరిగ్గా ఉంది. రెండోదీ, మూడోదీ, నాలుగోదీ. పదకొండేళ్ళు పెట్టెలో పడున్న తీగలు వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

చిత్రంగా అనిపించింది. అయినా ఆ క్షణాన ఆమెకున్న సంతోషంలో ఆ సంగతి మనసులో నిలవలేదు.

వాయించే గదికి కిటికీలు లేవు. బయట పట్టపగలు, వాన. లోపల ఏ వేళా కాదు. గోడలనిండా బూడిదరంగు స్పాంజి. మాట నోట్లోంచి వచ్చీ రాగానే చచ్చిపోయేది. పాత తివాచీ ముక్కవాసన. ఒక మూల గిటార్ శబ్దం పెంచే పెద్ద ఆంప్ పెట్టె. ఎదురుగా గోడకు వెడల్పాటి అద్దం, దాని అవతలి గదిలో మీటల బల్ల ముందు సౌండాయన. పాటలో రెండో గొంతు పుర్రిదే కాబట్టి ఆమె మొహానికి ఎదురుగా మైకు కూడా పెట్టాడు. అన్నయ్య అలసిపోయి బయట వసారాలో చెక్కబెంచీ మీద నడుం వాల్చాడు.

మొదటిసారి వాయించింది. బాగానే వచ్చింది. హెడ్‌ఫోన్స్‌లో మెల్లగా ఒక మాట వినబడింది.

"మళ్ళీ."

వాయించింది. ఈసారి ఇంకా బాగా వచ్చింది.

"మళ్ళీ."

అంత బాగా వస్తే ఇంకా ఏం కావాలో ఈయనకి, అనుకుంటూ తలెత్తింది. సౌండాయన మీట నొక్కి, ఖంగుమనే తన మామూలు గొంతుతో అన్నాడు. "పైకెళ్ళి టీ చెప్పొస్తానమ్మా. నువ్వు నీ పాటికి వాయిస్తూ ఉండు. రికార్డింగ్ నడుస్తూనే ఉంటుంది." అలవాటు చొప్పున దీపం ఆర్పేసి వెళ్ళిపోయాడు. అవతలి గది చీకటైంది. అద్దం నల్లబడి, పుర్రి ఉన్న గదిని తిరిగి చూపించింది.

ఆమె మూడోసారి వాయించింది. ఆఖరి స్వరం మీద చెయ్యి ఆపింది.

"మళ్ళీ."

ఆయన పైకి వెళ్ళాడు కదా. అప్పుడే వచ్చేశాడా? పైగా ఆ గొంతు... ఆయనది ఖంగుమనే గొంతు. ఇది గుసగుస. పెదవులు మైకుకు ఆనించి మాట్లాడుతున్నట్టుంది.

"ఎవరండీ?" అంది.

ఆంప్‌లోంచి గుంయ్‌మని సన్నటి మోత మొదలైంది. అద్దంలోకి చూసింది. మైకూ, బేస్ పట్టుకున్న మనిషీ, తన నీడే. ఊపిరి పీల్చుకుంది. చూపు మరల్చబోయింది.

ఏదో తేడాగా ఉంది.

తన బేస్ మెడ తన కుడివైపుకు ఉంది. అద్దంలో కూడా కుడివైపుకే ఉండాలి. అద్దం ఎవరికైనా ఏ పక్కది ఆ పక్కనే చూపిస్తుంది. కానీ అందులో బేస్ మెడ ఎడమవైపుకు ఉంది.

పుర్రి బేస్ మెడను కొద్దిగా పైకెత్తింది. అద్దంలో మెడ కూడా లేచింది... ఎడమవైపున. ఒక్క రెప్పపాటు ఆలస్యంగా.

అది నీడ కాదు.

అద్దానికి అవతల, ఆ చీకటి గదిలో, ఆమెకు ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నారు. ఎడమచేతివాటం మనిషి.

వేళ్ళు తీగల మీంచి తీసేయబోయింది. ఎడమచెయ్యి ఊడి వచ్చింది. కుడిచెయ్యి రాలేదు. తీగల్లోంచి వేళ్ళలోకి చీమల బారులా ఏదో పాకుతోంది. మీటే చెయ్యి గాల్లో ఉంది. బేస్ మాత్రం మోగుతూనే ఉంది. తమ పాట కాదు. నెమ్మదిగా, ఒకే రెండు స్వరాలు... ఆగి... మళ్ళీ అవే.

కాలిన వైరు వాసన.

"దగ్గరికి..." అంది చెవుల్లో అదే గుసగుస.

అవతలి ఆకారం ముందుకు వంగింది. పుర్రి మెడ కూడా వంగింది. ఆమె వంచలేదు. మైకు జానెడు దూరంలో ఉంది. తర్వాత బెత్తెడు... అద్దం మీద ఆవిరి పట్టింది. గుండ్రంగా, నోరంత. చెరిగింది. మళ్ళీ పట్టింది. ఆవిరి పడుతున్నది అవతలివైపు కాదు... ఇవతలివైపు.

"అన్నయ్యా!" అందామనుకుంది. నోరు పెగల్లేదు.

మైకు వేలెడు దూరంలో ఉంది.

"పుర్రీ!"

తలుపు ధడాలున తెరుచుకుంది. అన్నయ్య వస్తూనే మైకు స్టాండును ఒక్క తన్ను తన్నాడు. అది బేస్ తీగల మీద పడి, నీలంగా ఒక మెరుపు మెరిసింది. ఆ గదిలో దీపాలు పోయాయి. చీకట్లో ఆమె మెడలోంచి బేస్ లాగి పారేసి, రెక్క పుచ్చుకుని, మెట్ల మీదుగా ఈడ్చుకుపోయాడు.

వినబడే చెవి బెంచీకి ఆనించి పడుకున్నానని అన్నయ్య తర్వాత చెప్పాడు. చెక్కలోంచి బేస్ దడ తెలుస్తూనే ఉందట. ఉన్నట్టుండి అది తమ పాట కాకుండా పోయిందట.

పైన దుకాణంలో ఎవరో దంపతులు స్నానాలగదికి టైల్స్ బేరమాడుతున్నారు. వాన వెలిసి ఎండ కాస్తోంది. పైమెట్టు మీద సౌండాయన కూర్చుని ఉన్నాడు. టీ లేదు, ఏమీ లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కిందికి చెవి ఒగ్గి ఉన్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి.

"ఆ ఆంప్‌కి ఎర్త్ సరిగ్గా లేదు, తీగలు జివ్వుమంటున్నాయి అని తమ్ముడు చెప్తూనే ఉన్నాడు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "రేపు చూద్దాంలేరా అన్నాను. పాట సగంలో ఉండగా మైకుకి పెదవి తగిలింది. కరెంటు పట్టేసింది. అద్దంలోంచి నేను చూస్తూనే ఉన్నాను."

అన్నయ్య ఆయన చొక్కా పట్టుకున్నాడు. "అదే ఆంప్‌కి నా చెల్లెల్ని తగిలించావా?"

"లేదు బాబూ. మర్నాడే బాగు చేయించాను. అయినా ఇవాళ దానికి ప్లగ్గే పెట్టలేదు. బేస్ వైరు నేరుగా నా మీటల బల్లకే ఇచ్చాను. ఆ ఆంప్‌ని ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఎవరూ ముట్టుకోలేదు." ఆయన చెంపలు తుడుచుకున్నాడు. "వాడి వేళ్ళ చప్పుడు ఒక్కసారి విందామనుకున్నాను. ఆ బేస్ ఎత్తుకునే చెయ్యి మళ్ళీ దొరకదనిపించింది. అంతే బాబూ. ఒక్కసారి వినాలని..."

చొక్కా పట్టుకున్న అన్నయ్య పిడికిలి మెల్లగా సడలింది. చెల్లెల్ని తీసుకుని ఇంటికి వచ్చేశాడు.

నాలుగోరోజున అన్నయ్య ఫోన్‌కి సౌండాయన దగ్గర్నుంచి రికార్డింగ్ వచ్చింది. పక్కన ఒక్క అక్షరం లేదు. చెరిపేద్దాం అంది పుర్రి. అన్నయ్య సరేనన్నాడు గానీ, వేలు ఆ మీట మీదికి పోలేదు. ఆ వారంలోనే ఎడమచెవిలో హోరు మొదలైందని అప్పుడు చెప్పాడు.

సాయంత్రం వంటింటి గడపలో పక్కపక్కనే కూర్చున్నారు. చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నారు. అన్నయ్య ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసుకున్నాడు.

పాట అద్భుతంగా ఉంది. అన్నయ్య కళ్ళు మూసుకుని మోకాలి మీద తాళం వేస్తూ మొత్తం విన్నాడు. నాలుగు నిమిషాలు. ఆఖరి స్వరం సన్నగిల్లి ఆగిపోయింది. కానీ రికార్డింగ్ ఆగలేదు.

నిశ్శబ్దం. "ఎవరండీ?" అన్న పుర్రి గొంతు. తర్వాత ఆ రెండు స్వరాలు. "పుర్రీ!" అని అన్నయ్య కేక, తలుపు ధడాలున తెరుచుకోవడం, స్టాండు పడిన మోత. రెండు జతల అడుగులు మెట్లవైపు పరిగెత్తడం. తలుపు దానంతటదే మూసుకోవడం.

మళ్ళీ నిశ్శబ్దం. చాలాసేపు.

అప్పుడు మైకుకు బాగా దగ్గరగా ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఏడుపు దిగమింగుకుంటూ ఒక ఆడగొంతు, పుర్రి గొంతు, గుసగుసగా అంది.

"అన్నయ్యా... ఎవర్ని తీసుకెళ్తున్నావ్? నేనిక్కడే ఉన్నాను."

పుర్రి ఇయర్‌ఫోన్ లాగి పారేసింది. "అన్నయ్యా, అది నేను కాదు. నేనలా అనలేదు. నీతోనే కదా మెట్లెక్కి వచ్చాను?"

అన్నయ్య ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె భుజం మీంచి చెయ్యి మెల్లగా తీసి, తన ఒళ్ళో పెట్టుకున్నాడు.