కరసుదాని సొరంగంలో పసుపుపచ్చ కారు

కరసుదాని పాత సొరంగం పేరెత్తితే మా లోయలో లారీ డ్రైవర్లు కూడా మాట మార్చేస్తారు. అలాంటి చోట, చిమ్మచీకట్లో, ఇంజను ఆగిపోయిన కారులో, గుండె చెదరకుండా కూర్చున్న మొనగాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. వాడిని నేనే.

కళ్లు మాత్రం మూసుకుని కూర్చున్నాను.

అందుకని ఈ కథలో చూసిన సంగతులన్నీ నాతో వచ్చిన చిజురక్క చెప్పినవి. విన్న సంగతులు నావి. అవి... బాగా వినిపించాయి.

కొండ పక్కనుంచి కొత్త రోడ్డు పడ్డాక ఆ సొరంగంలోకి వెళ్లేవాళ్లు తగ్గిపోయారు. లోపల దీపాలు కూడా పీకేశారు. రాత్రిపూట అందులో ఎవరో ఆడమనిషి ఏడుస్తుందనీ, ఆ ఏడుపు చెవిన పడ్డ బండి ఇక కదలదనీ చెప్పుకుంటారు. ఎవరావిడ అంటే మాత్రం తలా ఒక మాట. మంగలి షాపు తాత లెక్కలో ఆవిడ పెళ్లికూతురు. నూడుల్స్ కొట్టు పిన్ని లెక్కలో ఆ పెళ్లికూతురి అత్తగారు. ఏడవడం మాత్రం ఖాయం.

నేను ఇలాంటివి నమ్మను. పగలు.

ఇనుకాయ్ మాస్టారు మాత్రం పగలూ రాత్రీ నమ్ముతారు. ఆయనది పాత కార్లు బాగుచేసే షెడ్డు. తుప్పు పట్టి, కోళ్లు గుడ్లు పెట్టుకునే స్థితిలో వచ్చిన కారు ఆయన చేతిలో పడితే పెళ్లిచూపులకి వెళ్లేలా తయారవుతుంది. ఇంజను పని ఆయనా, ఆయన కూతురు చిజురక్కా చూస్తారు. సీట్లు, పైకప్పు గుడ్డ, తలుపుల రబ్బర్లు నావి. కుట్టుపనిలో నన్ను మించినవాడు లేడని మా అమ్మ అంటుంది.

ఆ ఏడు మా చేతికొచ్చింది బియ్యపు సారా, అదే సాకే, కాచే ఒనోదెరా గారి పసుపుపచ్చ కారు. రెండు తలుపులది. ఆవిడ పెళ్లినాటి బండి. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: "నేను కొన్నరోజున లేనిదేదీ ఇప్పుడు దానిమీద కంటికి కనిపించకూడదు."

చేశాం. ముక్కుపుడకలా మెరిసింది. కానీ పరీక్షకని కనుమ ఎక్కిస్తే, మాస్టారు నడిపిన రెండుసార్లూ కరసుదాని సొరంగం మధ్యలోనే ఆగిపోయింది. రెండుసార్లూ ఆగేముందు ఏడుపు వినిపించింది. కాసేపటికి దానంతట అదే స్టార్టయింది. పంపు మార్చారు, కార్బురేటర్ విప్పి కడిగారు, ప్లగ్గులు, వైర్లు, కాయిలు... కారులో మార్చనిది రంగొక్కటే.

రెండోసారి వెనక్కొచ్చిన మాస్టారు హెల్మెట్ లేకుండా బైకు మీద పట్టుబడ్డవాడి ముఖం పెట్టారు.

"ఇది ఇంజను జబ్బు కాదు," అన్నారు. "దెయ్యం పట్టిన బండిని నేను మనుషులకి అప్పగించను. ఒనోదెరా గారితో చెప్పేస్తాను. అంతే కాదు, షెడ్డు కూడా మూసేస్తాను. ఈ వయసులో నాకీ ఏడుపులు వద్దు."

చిజురక్క చేతిలో పానా ఆగిపోయింది. ఆ షెడ్డు తన పేరున నడపాలని తనకి చిన్నప్పటినుంచీ ఆశ. మాస్టారు మాత్రం ఊ అనరు, ఉహూ అనరు. ఇప్పుడేమో ఉన్న షెడ్డుకే తాళం అంటున్నారు.

"నాన్నా, రేపు పొద్దుటికల్లా ఆ జబ్బేమిటో నేను చెబితే?"

"చెప్పలేవు."

"చెబితే?"

"చెబితే తాళాలు నీకే ఇస్తాను, నువ్వే నడుపుకో." కాస్త ఆగి అన్నారు, "కానీ బండిలో వేలెత్తి చూపించేది ఒక్కటి ఉండకూడదు. నేనే తనిఖీ చేస్తాను."

అక్క నావైపు తిరిగింది. "రింతారో, వస్తావా?"

"నేనా? ఓ! దెయ్యాలంటే నాకు..."

"టీ ఫ్లాస్కు పట్టుకురా."

నేను ఫ్లాస్కు షెడ్డులోనే మర్చిపోయాను. భయంతో కాదు. తొందరలో.

చీకటి పడ్డాక బయల్దేరాం. వారం రోజులుగా చినుకు లేదు. రోడ్డు పొడిగా, చల్లగా ఉంది. కారు పిల్లిలా కొండెక్కింది. అక్క కూనిరాగం తీస్తోంది. నేను ముందు సీట్లో దర్జాగా కాలుమీద కాలేసుకుని కూర్చున్నాను.

మలుపు తిరిగాం. సొరంగం నోరు తెరుచుకుని ఉంది.

అక్క మా లోయ డ్రైవర్ల ఆచారం ప్రకారం ఒక్కసారి హారన్ కొట్టింది. లోపలికి దూరాం...

మొదలైంది.

ఊఁ... ఊఁఁ... ఊఁఁఁ...

సన్నగా, ముక్కుతో, గుక్కపట్టి ఏడుపు. నా పక్కనే. సరిగ్గా నా చెవి పక్కనే.

"అక్కా..."

"విన్నాను. నోర్ముయ్."

"నేను కాదక్కా!"

"నువ్వు కాదని నాకూ తెలుసు. నువ్వు ఏడిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది."

అక్క యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించింది. ఏడుపు మూలుగులోకి దిగింది. గట్టిగా తొక్కింది. ఏడుపు కీచుమని పైకి లేచింది.

"రింతా," అంది నెమ్మదిగా, "దెయ్యానికి మన స్పీడుతో ఏం పని?"

నేను అప్పటికే కళ్లు మూసుకున్నాను.

అక్క కిటికీ దించి, చెయ్యి బయటపెట్టి, ముందు అద్దం అంచున ఉన్న మెరుగు పట్టీని అరచేత్తో అదిమింది. ఏడుపు ఠక్కున ఆగింది. చెయ్యి తీసింది... ఊఁఁ... అదిమింది, నిశ్శబ్దం. ఎవరో నోరు మూసినట్టు.

"పట్టీ కింద క్లిప్పు ఊడింది. సందులోంచి గాలి దూరి ఈల వేస్తోంది. బయట కూడా ఏడుస్తూనే వచ్చింది, మనకి వినపడలేదు. ఇక్కడ గోడలు దాన్ని మన మీదకే తిప్పి కొడుతున్నాయి." నవ్వింది. "చూశావా, నీ పెళ్లికూతురు!"

నేను కూడా నవ్వబోయాను. పెదాలు విడివడ్డాయి కూడా.

అంతలో ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది.

ఆగిపోయింది.

సొరంగం నడిమధ్యలో. ముందు చీకటి... వెనక చీకటి. ఎక్కడో పైకప్పు నుంచి నీటిబొట్టు... టప్.

"ఇక్కడే కూర్చో," అని అక్క టార్చి తీసుకుని దిగింది. బానెట్ లేచింది. నా ముందు అద్దం మొత్తం మూసుకుపోయింది. అప్పుడే నాకు వెనక అద్దం రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూడాలనిపించింది. వృత్తి మీద శ్రద్ధ అలాంటిది. ముందు సీటు మీదనుంచి పాకి వెనక్కి వెళ్లి, ఆ రబ్బరుని క్షుణ్ణంగా పరిశీలించాను. కళ్లు మూసుకునే.

ముందునుంచి గుసగుసగా అక్క గొంతు: "నిప్పురవ్వ పడుతోంది... ప్లగ్గులు బానే ఉన్నాయి..."

మళ్లీ టప్.

"అరె! ఫిల్టరు గాజుగిన్నెలో పెట్రోలు లేదు. చుక్క లేదు! నాన్న ట్యాంకు నిండా పోయించారు కదా?"

"అక్కా, లోపలికి వచ్చేయ్."

అడుగుల చప్పుడు. కారు పక్కనుంచి... మెల్లగా... వెనక్కి వస్తోంది. అక్కే అయ్యుండాలి. అక్కే అని నాకు నేను చెప్పుకున్నాను. అడుగులు సరిగ్గా నా తల దగ్గర, రేకు అవతల ఆగాయి. చిన్న మూత తెరుచుకున్న శబ్దం. ఏదో తిరిగింది... కిర్రు... కిర్రు...

అప్పుడు వినిపించింది.

హ్హ్హ్హాఆఆఆఆ...

ఎన్నో ఏళ్లు ఊపిరి బిగబట్టిన మనిషి ఒక్కసారిగా గాలి పీల్చినట్టు. నా సీటు కిందనుంచి. నా వెన్నులోంచి. ఎంతసేపు పీల్చిందో! సొరంగంలో ఉన్న గాలంతా అయిపోతుందేమో అనుకున్నాను.

తర్వాత... నవ్వు.

పగలబడి, తెరలు తెరలుగా, గోడలన్నీ నవ్వుతున్నట్టు నవ్వు. కాసేపటికి తెలిసింది, అది చిజురక్క నవ్వు.

"రింతా! ఇలా వచ్చి చూడరా!"

నేను వెళ్లలేదు. కొన్ని కారణాల వల్ల ఆ క్షణంలో నాకు లేచి నిలబడటం కుదరలేదు. అక్కే కిటికీ దగ్గరికొచ్చి పెట్రోలు ట్యాంకు మూత చూపించింది. మూత మీద గుడిలో ఇచ్చే రక్ష స్టిక్కరు అంటించి ఉంది. ప్రయాణంలో ప్రమాదం రాకుండా కాపాడే రక్ష. దానిమీద ఇంకోటి, మరికాస్త పెద్దది.

"నాన్న పనే," అంది. "ఒనోదెరా గారికి కనపడకూడదుగా, అందుకని ఇక్కడ దాచారు. మొదటిసారి బండి ఆగాక ఇంకో రక్ష తెచ్చి దీనిమీదే వేశారు."

ఆ మూతకి నడుమ సూదిమొనంత బెజ్జం ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ బెజ్జంలోంచే ట్యాంకులోకి గాలి వెళ్లాలి. లేకపోతే ట్యాంకు పెట్రోలుని వదలదు. ఈ సంగతి మాకు నేర్పిందే మాస్టారు. కానీ రక్ష అంటించేటప్పుడు ఆయన కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటూ అంటిస్తారు. షెడ్డునుంచి కొండ ఎక్కేసరికి ట్యాంకుకి ఊపిరాడటం మానేస్తుంది. అది మానేసే చోటే సొరంగం ఉంది. ఆగి కాసేపు కూర్చుంటే మూత అంచులోంచి కొంచెం గాలి దూరి, బండి మళ్లీ లేస్తుంది. ఆ మూతని అనుమానించడం మాస్టారికి తోచలేదు. దేవుడి కాగితం ఉన్నచోట వేలు పెట్టడానికి ఎవరికి చేతులొస్తాయి?

అక్క టార్చి కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, "క్షమించు స్వామీ," అని వంగి, నోటి ఆవిరితో జిగురు మెత్తబరిచి, చిరగకుండా రెండు రక్షలూ ఊడదీసింది. ముందు సీటు ఎదురుగా ఉండే సామాన్ల అర తలుపుకి లోపలివైపు అంటించింది. తాళం తిప్పింది.

కారు ఒక్క కూతతో లేచింది. కనుమ దాటింది, తిరిగి వచ్చింది, ఎక్కడా ఆగలేదు. దారిపొడుగునా అక్క పాటలు. నేను కదలకుండా వెనకే కూర్చున్నాను. షెడ్డు చేరగానే, "పనిబట్టలు వేసుకుని వస్తా," అని లోపలికి పరుగెత్తాను.

తెల్లారేసరికి మాస్టారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. అక్క ఊడిన క్లిప్పు బిగించిన సంగతి చెప్పింది. తర్వాత రక్షల సంగతి చెప్పడానికి కాసేపు మాటలు వెతుక్కుంది.

"నాన్నా... దేవుణ్ణి కాస్త చోటు మార్చాను. అక్కడ ట్యాంకుకి ఊపిరాడటం లేదు."

మాస్టారు మూత చూశారు. బెజ్జం చూశారు. మెడ ఎర్రబడింది.

"హ్మ్," అన్నారు చివరికి. "ఊపిరాడకపోతే ఎవరైనా ఆగుతారు."

జేబులో తాళాలు గలగలమన్నాయి. అక్క ఊపిరి బిగబట్టింది. కానీ మాస్టారు మాటంటే మాట. తనిఖీ మొదలెట్టారు. తలుపులు తీసి వేశారు. పట్టీలు నొక్కారు. ముందు సీట్లు తడిమారు. వెనక సీటు తడిమారు...

కుడిచెయ్యి అక్కడే ఆగిపోయింది.

"తడి."

"ఏంటి?"

"సీటు తడిగా ఉంది, చిజురూ."

అక్క వెంటనే నీళ్ల గొట్టం తెచ్చింది. వెనక అద్దం మీద, పైకప్పు మీద, మూలమూలలా నీళ్లు కొట్టింది. లోపలికి ఒక్క చుక్క రాలేదు. "రబ్బరు బ్రహ్మాండంగా ఉంది," అంది అయోమయంగా.

"టీ ఒలికిందేమో," అన్నాను నేను, ఎక్కడో చూస్తూ.

"ఏం టీ? ఫ్లాస్కు ఇక్కడే మర్చిపోయావుగా!"

మాస్టారి ముఖం సున్నం కొట్టినట్టయింది. గొంతు తగ్గించారు. "వాన లేదు. కారు కారడం లేదు. టాక్సీ వాళ్లు చెప్పేది ఇదే... రాత్రిపూట అలాంటి చోట ఆగితే, వెనక సీట్లోకి ఒకావిడ ఎక్కుతుందట. మాట్లాడదట. ఇంటికొచ్చి చూస్తే మనిషి ఉండదు... సీటు మాత్రం తడిగా ఉంటుందట."

మాకు ఒంటిమీద రోమాలు లేచాయి. నాకు కూడా. నిజం తెలిసినవాణ్ణయినా లేచాయి.

"పూజారిగారిని పిలుస్తాను," అన్నారు మాస్టారు. "ఈ కారు ఇవ్వను. షెడ్డు మాట ఇక ఎత్తకు."

తాళాలు మళ్లీ జేబులోకి జారాయి. చిజురక్క గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నీళ్లు తన బూట్ల మీద పోతున్నాయి, చూసుకోవడం లేదు. పెదవి కొరుక్కుంటోంది. సొరంగంలో ఒంటరిగా నడిచినప్పుడు వణకని మనిషి...

"మాస్టారూ," అన్నాను. "అందులో ఎవరూ ఎక్కలేదండీ."

"నీకెలా తెలుసు?"

"ఆ సీట్లో నేనే ఉన్నాను. ట్యాంకు ఊపిరి పీల్చినప్పుడు... దాని మీదే కూర్చుని ఉన్నాను."

"అయితే ఈ నీళ్లు ఎక్కడివిరా?"

నేల చూశాను. ఆకాశం చూశాను. దారి దొరకలేదు.

"అవి... నీళ్లు కావండీ."

మాస్టారు ఎవరికి ఏది ఇచ్చినా రెండు చేతులతో ఇచ్చే మనిషి. ఆ రోజు మాత్రం కుడిచేతిని ఒంటికి వీలైనంత దూరంగా చాపి పట్టుకుని, ఎడమచేత్తోనే తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టారు.