ఇరవై పాయింట్ల గాలి

నల్లా వచ్చేది ఆరింటికి, పోయేది ఏడింటికి. ఆ గంటలోనే ఛత్రినాక గల్లీ అంతా కొట్లాడుకోవాలి, రాజీ పడాలి, నీళ్లు పట్టుకోవాలి. ఆ ఆదివారం కాశమ్మ చంకన బిందెతో లోపలికి వచ్చేసరికి కోడలు కళావతి వసారాలో కూర్చుని మూటలు కడుతోంది. గిన్నెలు గోనెసంచిలోకి, బట్టలు పాత దుప్పటిలోకి.

"చాయ్ తాగినవా బిడ్డా?"

"తాగిన అత్తా."

"మీ అన్న ఎప్పుడొస్తడు?"

"టెంపో దొరికితే తొమ్మిదికే వస్తనన్నడు."

కళావతి అన్న ప్రకాశం జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొని మూడు గదులు వేసుకున్నాడు. అందులో ఒక గది చెల్లెలికీ బావకూ ఇస్తానన్నాడు. కళావతి ఈ ఇల్లు వదిలి పోతానని నెల రోజులుగా అంటోంది. ఇవాళ పోతోంది.

గడప మీద కాశమ్మ మొగుడు ఆగయ్య కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అవి తనవి కానట్టు వాటికేసి చూస్తున్నాడు. ఇంటి ముందుగది ఆయన టైర్ల దుకాణం. దాని చెక్క తలుపులు తెరిచి పదకొండు నెలలైంది.

ఆగయ్య ఇరవై ఏళ్లు బస్సు డిపోలో టైర్ల సెక్షన్‌లో పనిచేశాడు. ఆయన డ్యూటీకి పోతే దుకాణం నడిపింది కాశమ్మ. పంచరు వేసింది, ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూసింది, రిక్షా నుంచి లారీ దాకా గాలి కొట్టింది. గాలి కొలిచే గేజీ పెట్టకుండానే, టైరు మీద పిడికిలితో ఒక్కటి వేసి చప్పుడు వింటే చాలు, గాలి ఎంతుందో చెప్పేది. లారీ వాళ్లు కూడా "అమ్మా, జర చూడు" అని ఆమెనే అడిగేవారు.

వాళ్ల ఒక్కగానొక్క కొడుకు సోమశేఖర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శాలిబండ పక్కన ఒక నవాబుల బంగళా, పాత దేవిడీ గుర్రాలశాలలో పడి ఉండి, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న రెండు సీట్ల కారును ఇనుప తుక్కు కింద కొనుక్కొచ్చాడు. నాలుగేళ్లు డ్యూటీ నుంచి వచ్చి దాని కిందే పడుకున్నాడు. ఎర్ర రంగు వేసి, నంబరు తెచ్చి, పెళ్లయిన కొత్తలో కళావతిని ఎక్కించుకుని ట్యాంక్‌బండ్ మీద తిప్పాడు. ఆ కారే రెండు నెలలకోసారి ఊరవతల యుద్ధకాలంలో విమానాల కోసం వేసి వదిలేసిన రన్‌వేకు పోయేది. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు అక్కడ చేరి, డ్రమ్ములు పెట్టి మలుపులు చేసుకుని, గడియారం పట్టుకుని ఒక్కొక్కరే చుట్లు కొట్టేవారు.

ఆ కారుకు టైర్లు చూసేది ఆగయ్య. అదే ఆయన గర్వం.

రోడ్డు మీద తిరగడానికి కొత్త టైర్లు. రన్‌వేకు పోయేటప్పుడు మాత్రం శనివారం సాయంత్రం వాటిని విప్పి, సగం అరిగిన టైర్లు నాలుగు ఎక్కించేవాడు. "కొత్త టైరు గట్లు ఎత్తుగుంటయి, మలుపుల ఊగుతయి, వేడికి పెచ్చులు ఊడుతయి. సగం అరిగినదే ఎండ నేల మీద గట్టిగ నిలవడ్తది" అనేవాడు. నాలుగూ ఒకే మెత్తదనం ఉండాలని బొటనవేలి గోటితో గుచ్చి చూసి ఏరేవాడు. టైరు అంచు మీద సుద్దతో అడ్డగీత గీసేవాడు. ఒక చుట్టు కొట్టి వచ్చాక ఆ గీత ఎంత దాకా చెరిగిందో చూస్తే మలుపులో టైరు ఎంత వాలిందో తెలిసేది. దాన్ని బట్టి గాలి ఒక పాయింటు పెంచడం, ఒక పాయింటు తీయడం. ఏడాది ఇట్లా చేసి చేసి చివరికి ఇరవై అని తేల్చాడు. ఇరవై పాయింట్లు పెట్టి, టైరు పక్కన సుద్దతో 'ఇరవై' అని రాసేవాడు. డిపోలో అదే పద్ధతి. టైరు మీద సుద్ద అంకె ఉందంటే ఇక ఎవరూ ముట్టకూడదు.

పోయిన మార్చిలో, ఆ శనివారం సాయంత్రం, కాశమ్మ మొదటిసారి ఆ టైరు మీద పిడికిలితో వేసి చూసింది. మెత్తటి చప్పుడొచ్చింది.

"ఏందయ్యా, గాలే లేదు. పైకెల్లి అరిగిన గుండు టైర్లు. గిట్లనే పంపిస్తవా పోరన్ని?" అంది.

"నీకేం ఎరుక పోవే!" ఆగయ్య నవ్వాడు.

కారు కింద నుంచి కొడుకు కూడా నవ్వాడు. "అమ్మా, ఇది గూడ్స్ లారీ గాదు. నువ్వు పోయి పప్పు మాడుతుందేమో చూసుకో."

ఆమె పోయి పప్పు చూసుకుంది. కానీ రాత్రంతా గాలి తక్కువైన లారీ టైర్లే కళ్లలో ఆడాయి. పక్కగోడలు నలిగి పొగలొచ్చినవి, చీలికలైనవి, ఎన్నో చూసింది ఆమె. తెల్లారి వాకిట్లో సానుపు చల్లడానికి లేచినప్పుడు ఇంట్లో అందరూ పడుకునే ఉన్నారు. పంపు తెచ్చి ఒక్కో చక్రానికి నలభై కొట్లు కొట్టింది. పిడికిలితో వేస్తే టైరు ఖంగుమంది. అప్పుడు ఆమె గుండె కుదుటపడింది. కొంగుతో చెమట తుడుచుకుని, ముగ్గు పెట్టి, కొడుక్కి చాయ్ ఇచ్చి పంపింది.

ఆ రోజు ఆగయ్య వెంట పోలేదు. తెలిసినవాళ్ల పెళ్లి ఉండి ఆగిపోయాడు. పదకొండు గంటలకు రెండో చుట్టులో కారు మలుపు తిరగకుండా నేరుగా జారిపోయింది. రాళ్ల గుట్టకు కొట్టుకుని బోల్తా పడింది. పెద్దాసుపత్రిలో సోమశేఖర్ ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

'గుండు టైర్లు వేసుకొచ్చిండు' అని అక్కడున్న వాళ్లెవరో అన్నారు. ఆ మాటే ఇంటిదాకా వచ్చింది. "ఏరింది నేనే" అన్నాడు ఆగయ్య. అప్పుడు కాశమ్మకు కూడా అట్లాగే అనిపించింది. నేను చెప్పినా విన్నాడా అని మొగుడి మీద లోలోపల కోపం కూడా వచ్చింది.

నెల తర్వాత ఆగయ్య తన డిపో దోస్తు లక్ష్మయ్యతో గడప మీద కూర్చుని చెప్పుకుంటుంటే తలుపు వెనక నుంచి విన్నది. "నాలుగూ ఒక్కతీరే ఉండె లక్ష్మయ్యా. గీతలు సరిగ్గనే చెరిగినయి అంతకుముందు. గాలి ఎక్కువుంటెనే గట్ల నేరుగ జారుతది. కానీ ఇరవై నా చేతులతోని పెట్టిన గద! మరి ఎక్కడ తప్పు చేసిన్నో సమజైతలేదు." 

కాశమ్మ చేతిలోని చాట జారి బియ్యం నేలంతా పడ్డాయి. ఆ బియ్యం ఏరుకుంటూ ఏరుకుంటూనే చెప్పాలనుకుంది. చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకుంది. ఆ మర్నాడు పది నెలలైంది.

*

తొమ్మిదింపావుకు టెంపో గల్లీ మొదట్లో ఆగింది. ప్రకాశం లోపలికి వచ్చి, ఎవరి మొహంలోకీ చూడకుండా, "నమస్తే మామా, నమస్తే అత్తా" అన్నాడు. సోమశేఖర్ కర్ర పట్టుకుని గదిలోంచి వచ్చి గోడకు ఆనుకున్నాడు. ఇప్పుడతను ఫిట్టరు కాదు. వర్క్‌షాపు స్టోరులో కూర్చుని చిట్టీలు రాస్తాడు.

ఆగయ్య లేచి, బరువైన మూట ఎత్తబోయాడు.

"నువ్వు ముట్టకు మామా," అంది కళావతి.

"బరువుంది బిడ్డా, మీ అన్న ఒక్కడే..."

"బరువున్నా మేం ఎత్తుకుంటం. నీ చెయ్యి పడొద్దు మా సామాన్ల మీద."

"కళా, ఊకో," అన్నాడు సోమశేఖర్.

"పదకొండు నెలలు ఊకున్న. ఇంకెన్ని రోజులు ఊకోవాలె? పైసలిచ్చే గిరాకీకి గుండు టైర్లు ఏస్తడా ఎన్నడన్న? ఏసిండా? కన్నకొడుక్కి ఏసిండు! రాత్రి పూట నొప్పి పుట్టి లేని కాలును తడుముకుంటడు నీ కొడుకు. నువ్వు చూసినవా? నేను చూస్తున్న!"

"నిజమే బిడ్డా," అన్నాడు ఆగయ్య. "నువ్వు అన్నదాంట్ల తప్పేం లేదు. ఈ చేతులే చేసినయి."

ప్రకాశం మూట పట్టుకుని వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆగయ్య రెండు చేతులూ కోడలి ముందు చాపడం కాశమ్మ చూసింది.

"ఆయన చేతులు చెయ్యలే," అంది.

ఎవరికీ సరిగ్గా వినిపించలేదు. ఆమె మళ్లీ అంది, ఈసారి గట్టిగా. "ఆయన చేతులు గాదు. నేను కొట్టిన గాలి. పొద్దుగాల సానుపు చల్లనీకి లేసి, పంపు తెచ్చి నాలుగు చక్రాలకూ కొట్టిన."

గల్లీలో టెంపో వాడు హారన్ కొట్టాడు.

"ఎన్ని కొట్లు?" ఆగయ్య అడిగాడు. ఆ గొంతు దుకాణంలో గిరాకీని అడిగే గొంతులా ఉంది.

"ఒక్కోదానికి నలభై."

ఆయన పెదవులు కదిలాయి. "నలభై... ముప్పై ఆరు, ముప్పై ఏడు అయితది. ఆ ఎండకు వేడెక్కితే నలభై అయిదు." ఒక్క నిమిషం ఆయన మొహంలో ఏదో తేలికపడ్డట్టు కనిపించింది. అంతలోనే అది పోయింది.

"పదకొండు నెలలు," అన్నాడు. "నా పక్కన కూసుండి బువ్వ పెట్టినవు. టైరు ముట్టుకుంటే చేతులు వణుకుతున్నయంటే నూనె రాసినవు. ఒక్కో ఏలు పట్టుకుని రాసినవు కదనే కాశమ్మా. రాసుకుంట గూడ చెప్పలే?"

ఆగయ్య చెప్పులు వేసుకోకుండానే గడప దాటి పోయాడు.

"బాపూ!" సోమశేఖర్ రెండడుగులు వేసి ఆగిపోయాడు. కర్ర మీద బరువంతా వేసి తల్లివైపు తిరిగాడు.

"నన్ను తిట్టు కొడుకా," అంది కాశమ్మ.

"ఏమని తిట్టాలె? గేజీ నా జేబులనే ఉండె. బాపు సుద్దతోని ఇరవై రాసిండని ఒక్కసారి గూడ పెట్టి చూడలే. స్టీరింగు తేలిపోతున్నట్టే ఉండె మొదటి చుట్టుల. అయినా ఆగలే." కర్ర రెండో చేతికి మార్చుకున్నాడు. "పప్పు చూసుకో పో అన్న నిన్ను. నువ్వు నా కారు ముందల నిలవడి గాలి లేదని చెప్తే, నేను నవ్విన."

కళావతి అంతసేపూ అత్తనే చూస్తోంది. "నాకు నీ మొహం చూడబుద్ధి అయితలేదు అత్తా," అంది.

"చూడకు బిడ్డా."

"ఇన్ని నెలలు మామను ఎన్ని మాటలన్న! నా ముందలనే ఉంటివి. ఒక్కమాట అడ్డం రాకపోతివి. నన్ను ఎంత పాపిష్టిదాన్ని చేసినవు!"

"చెప్తే వీడు నన్ను అమ్మా అని పిలువడనుకున్న. గంతే. వేరేం లేదు."

కళావతి గోడకు ఆనుకుని కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంగులో ముక్కు తుడుచుకుంటూ, ఎవరితోనో చెప్పినట్టు అంది. "నేను నిమ్మకాయలు పెట్టిన ఆ పొద్దు. నాలుగు చక్రాల కింద నాలుగు. నాకూ భయమే. ఈయన నవ్వుతడని చెప్పలే. నువ్వు గాలి కొట్టి లోపలికి పోయినంకనే కావచ్చు, నేను నిమ్మకాయలు పట్టుకుని బయటికి వచ్చిన. ఒక్కరికొకరం గూడ చెప్పుకోలే."

ప్రకాశం మూట దించి, "టెంపోను ఏం చెయ్యాలె చెల్లే?" అని మెల్లగా అడిగాడు.

"పంపియ్యి అన్నా. పోవాలో ఉండాలో నాకే తెల్వదిప్పుడు. మూటలు గట్లనే ఉండనీ."

*

ఆగయ్య మధ్యాహ్నం దాటాక వచ్చాడు. ఎక్కడికి పోయాడో ఎవరూ అడగలేదు. పాదాలకు దుమ్ము పట్టి ఉంది. వంటింటి గుమ్మం దగ్గర, కాశమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. పొయ్యి వెలిగించలేదు ఆమె. పొద్దటి నుంచీ అక్కడే ఉంది.

ఆమే అడిగింది. "ఎందుకు తక్కువుంచుతరు గాలి? ఇప్పుడన్న చెప్పు."

ఆయన ఆమె కేసి చూశాడు. తర్వాత తన అరచేతిని నేల మీద పరిచాడు.

"టైరు గిట్ల పట్టుకోవాలె నేలను. మొత్తం అరచెయ్యి ఆనాలె. అప్పుడే మలుపుల బండి నిలుస్తది. మామూలు రోడ్డు మీద నిదానంగ పోతే గాలి పెద్దగ పెరగది. ఆడ గట్ల గాదు. రెండు చుట్లు కొట్టంగనే టైరు పెనం తీరు కాల్తది. లోపలి గాలి తనంత తనే పెరుగుతది. ఇరవై పెడితే ఇరవై ఆరు అయితది. మనకు కావలసింది ఆ ఇరవై ఆరు. అందుకే ముందుగాల తక్కువ పెడతం."

"లారీకి?"

"లారీకి బరువు మోయాలె. గాలి తక్కువైతే సస్తది. నువ్వు అన్నది లారీకి తప్పు గాదు."

"మరి ఎక్కువైతే?"

ఆగయ్య ఆమె చెయ్యి అందుకుని నేల మీద పెట్టాడు. వేళ్లు కిందికి వంచి, అరచెయ్యి పైకి లేచేటట్టు చేశాడు. ఇప్పుడు ఆమె వేళ్ల కొసలు తప్ప ఏదీ నేలకు ఆనడం లేదు. ఆయన మణికట్టును పక్కకు కొంచెం నెట్టాడు. చెయ్యి జర్రున జారిపోయింది.

కాశమ్మ తన చెయ్యి తానే మళ్లీ మొదటి చోట పెట్టుకుంది. వేళ్లు వంచింది. తనే నెట్టుకుంది. మళ్లీ జారింది. మూడోసారి కూడా చేసింది. అప్పుడు ఆమెకు ఆ మలుపు కనిపించింది. ఆ కారు కనిపించింది. అందులో చాయ్ తాగి పోయిన కొడుకు కనిపించాడు.

ఆమె నోటి నుంచి వచ్చిన చప్పుడుకు గదిలోంచి సోమశేఖర్, వసారాలోంచి కళావతి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

ఆగయ్య భార్య చేతిని రెండు చేతులతోనూ నేలకు అదిమి పట్టుకున్నాడు, ఇంకెటూ జారకుండా.

"ఎంతసేపు పట్టింది చెప్పు?" అన్నాడు, కన్నీళ్లు గడ్డం మీదికి కారుతుంటే. "రెండు నిమిషాలు. ఇరవై ఏండ్లు నా దుకాణం నడిపిన దానివి. ఆ శనివారం రెండు నిమిషాలు కూసుండి నీకు గిది చెప్పకపోతిని కదనే."