ఊపిరి లేని ఉప్పుబిళ్ల

2079 నాటికి కొలిమి పనివాళ్లెవరూ ఉప్పుబిళ్ల లేకుండా లోపలికి వెళ్లకూడదు. చొక్కా జేబుకు గుచ్చుకునే ఆ చిన్న పెట్టెలో, గడ్డకట్టే చలిలో, ఒక ఉప్పు స్ఫటికం ఉంటుంది. చుట్టూ గాలిలోని అణువులు దాని ముఖానికి అంటుకుంటాయి. దీన్నే అధిశోషణం అంటారు. పరారుణ కిరణం పంపితే ఒక్కో వాయువు ఒక్కో చోట దాన్ని మింగి తన గీత తాను గీస్తుంది. ఏ నిమిషాన ఏ విషం సోకిందో ఉప్పే చెబుతుంది.

దాన్ని కనిపెట్టిన ఇందుమతి ఇప్పుడు తన తమ్ముడు సోమేశ్ బిళ్లను చదువుతోంది. అతను కొలిమి దగ్గర పడిపోయి, ప్రాణం పోయి, పదకొండు రోజులు.

"కార్బన్ మోనాక్సైడ్ గీత లేదు" అన్నాడు కంపెనీ శాస్త్రవేత్త పట్టాభి. "గుండె ఆగింది, అంతే. మీ యంత్రాన్ని మీరే నమ్మరా? మరణ నివేదిక మీద సంతకం పెట్టండి. రేపు కొలిమి వెలిగించాలి."

"ఆగండి" అంది ఇందుమతి. "కార్బన్ డయాక్సైడ్ గీత చూడండి. మనిషి ఛాతీ మీద ఉంటే ఊపిరి ఊపిరికీ అది లేచి పడాలి. డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచీ చదునుగానే ఉంది. బిళ్ల వాడి ఒంటి మీద లేదు."

సోమేశ్‌ను బయటికి మోసుకొచ్చిన తవిటయ్యను పిలిపించారు. కుర్చీ చూపించినా అతను కూర్చోలేదు.

"గేటు కాడ మేకుకి బిళ్ల తగిలించేసి ఎల్తాం. అందరం అదే చేత్తాం. ఆడు పడిపోయాక నేనే తెచ్చి జేబుకి గుచ్చినాను. అయితే ఏటి?"

"ఎందుకు తవిటయ్యా?"

"విషం గీత పడితే మూడు నెల్లు పనిలోకి రానివ్వరు. ఆ రూలు రాసినది ఎవులు? నువ్వే కదమ్మా! నీ ఉప్పు అబద్దమాడదు. అందుకే బయటుంచుతాం."



పట్టాభి నవ్వాడు. "బిళ్లలు బయటే వదిలేశారని రాస్తే వీళ్లందరి పనీ పోతుంది. రాయకపోతే కొలిమిలో విషం లేనట్టే. మీ ఇష్టం."

ఇందుమతి కలం తీసుకుంది. మొదట తను రాసిన మూడు నెలల రూలును తనే కొట్టేసింది. తర్వాత తలెత్తింది.

"రేపు కొలిమి వెలిగించండి. బిళ్ల గుచ్చుకుని నేను లోపల నిలబడతాను, డ్యూటీ మొత్తం. మీరూ నా పక్కన నిలబడండి."

"రేపా?" పట్టాభి కుర్చీ వెనక్కి జరిగింది. "రేపు నాకు విశాఖలో మీటింగుంది."

నివేదికలో మరణ కారణం అన్న గడిలో ఇందుమతి పట్టాభి ఇచ్చిన ఆ జవాబునే ఉన్నదున్నట్టు రాసింది.