వెయ్యని పిడికెడు మన్ను

దగ్గరికి జరగండమ్మా, వెనక కూర్చున్నవాళ్ళకు నా గొంతు అందదు. ప్రార్థన అయింది, టీ నీళ్ళు ఇంకా కాగలేదు. అడిగారు కాబట్టి మా శాంతరాజన్న సంగతి చెబుతాను. దేవుని పేరు చెప్పుకుని బతికేదానివి, దెయ్యాల ముచ్చట్లు నీకెందుకు హేబ్సిబా అని మీలో ఎవరన్నా అనవచ్చు. ఒకప్పుడు నేనూ అదే అనేదాన్ని.

మా అన్నది బీదరు పని. జస్తు లోహమూ రాగీ కలిపి పోత పోసి, ఉలితో పూలూ తీగలూ గీసి, ఆ గీతల్లో వెండి తీగ కూర్చి కొడతారు కదా. చివరికి కోట మన్నూ నవసాగరం ఉప్పూ వేసి కాచిన నీళ్ళలో ముంచితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. అందరూ హుక్కాలూ పాన్‌డబ్బాలూ చేసి సేట్ల దుకాణాలకు వేసేవాళ్ళు. అన్న ఏ సేటు కిందా చేయలేదు. ఆ నలుపు మీది తెలుపుతోనే ఆడవాళ్ళ కమ్మలు, పతకాలు చేసేవాడు. హుక్కా లోహం తెచ్చి ఆడదాని చెవికి తగిలిస్తాడట, రేపు చెవిలోంచి పొగ వస్తుంది చూడండి అని బజారంతా నవ్వేది. అన్న కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

ఏం చెయ్యాలో ఆయనకు చూపించేది మా వదిన కమలాబాయి. పొలం నుంచి వస్తూ కొంగున ఏదో ఒకటి ముడేసుకొచ్చేది. చింతాకు, తూనీగ రెక్క, వాడిన కంది పువ్వు. తెచ్చి, మాట్లాడకుండా, అన్న పని పీటకు ఎడమ పక్కన పెట్టేది. ఆమెది ఎడమచేతి వాటం. చర్చిలో కానుక కూడా ఎడమచేత్తో వేస్తావేమని మేము ఏడిపిస్తే, "దేవుడు రెండు చేతులు ఇచ్చిండు, ఒకటి తక్కువ చేసి ఇయ్యలే" అనేది. కొన్నాళ్ళకు ఆ రెక్క కమ్మ అయ్యేది. ముందు ఆమే పెట్టుకోవాలి. సాయంత్రమంతా వాటితోనే రొట్టెలు కాల్చి, తల ఇటూ అటూ ఆడించి చూసేది. "బరువున్నయి. నా చెవి తెగితే కొత్త చెవి చేసిస్తవా?" అన్నదంటే, అన్న వాటిని మళ్ళీ కరిగించాల్సిందే.

ఇంకో సంగతి. ఆ పనివాళ్ళకు మన్ను రుచి చూడటం అలవాటు. కోటలో వానా ఎండా ఎరగని చీకటి గదుల మన్ను తెచ్చి, చిటికెడు నాలుక మీద పెట్టుకుంటారు. నలుపు పట్టే మన్నేదో నాలుకే చెబుతుంది. అన్న కమఠాణ ఊరికి చుట్టపు చూపుగా పోయినా, ఆ ఇంటి గోడ మూల మన్ను నాలుకకు తగిలించుకోకుండా వచ్చేవాడు కాదు.

వదిన వానాకాలంలో పోయింది. దవాఖానాలో ఆమె మంచం కిటికీ పక్కన ఉండేది. చివరి రోజు నల్లమబ్బు కింద తెల్ల కొంగలు బారుగా పోతుంటే చూసి, అన్న చెయ్యి పట్టుకుని, "ఇది చెయ్యి. కరుణ పెండ్లికి" అన్నది. కరుణమ్మ వాళ్ళకు ఒక్కతే బిడ్డ.

మా దగ్గర ఎర్ర రాయిని తొలిస్తే గాని సమాధి దిగదు. ఆ రోజు రాయి కింద మెత్తటి బూడిదరంగు మన్ను ఒక పొర బయటపడింది. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, మన ఆచారం ప్రకారం, ఒక్కొక్కరం పిడికెడు వేశాం. అన్న కూడా వంగి పిడికెడు తీసుకున్నాడు. చెయ్యి నోటి దాకా పోయింది. ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నాను. అంతలో జనం కమ్ముకున్నారు.

ఏడాది తిరగకముందే, ఎండాకాలంలో, కరుణకు మన్నాఏఖేళ్ళి ఊరి బడిపంతులుతో పెళ్ళి కుదిరింది. అన్న కొంగల కమ్మలకు కూర్చున్నాడు. కొంగలు చక్కగా కుదిరాయి గాని నలుపు కుదరలేదు. కోట మన్నుతో కాచిన ప్రతిసారీ మసి పూసినట్టే వచ్చేది. తోమి మళ్ళీ కాచేవాడు. పెళ్ళికి ముందు రోజు పొద్దున కమ్మలు తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. అంత నలుపు నేనెన్నడూ చూడలేదు. కంటిపాప లాంటి నలుపు. కొంగలు దానిలోంచి లేచి పోతున్నట్టే ఉన్నాయి. ఇది ఏ మన్నని అడిగితే అన్న నా మొహం చూడలేదు.

దీపాలు పెట్టే వేళకు కరుణకు నూనె పెట్టి కూర్చోబెట్టాం. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ఆకాశం తేటగా ఉంది, ఆకు కదలడం లేదు. కమ్మలు నేనే పెట్టాను. కరుణ అచ్చం వాళ్ళమ్మలాగే తల ఇటూ అటూ ఆడించింది. తల్లి నోరు కూడా వచ్చిందంటే ఆ పంతులు పని అయినట్టేనని పక్కింటి బసవ్వ అంటే అందరం నవ్వాం.

కరుణ నవ్వు మధ్యలో ఆగింది.

"అత్తా, వాన పడుతాందా?"

లేదన్నాను.

"మరి ఏందో రాలుతాంది."

పాట ఆగింది. చెవి ఒగ్గి విన్నాను. ఏ చప్పుడూ లేదు. కానీ వాసన వచ్చింది. తడి మన్ను వాసన కాదది. ఏళ్ళ తరబడి తెరవని గది తలుపు తీస్తే వచ్చే వాసన. దాని వెనక, సన్నగా, వదిన తలకు రాసుకునే నూనె వాసన...

"పిడికెడు... మళ్ళ పిడికెడు..." కరుణ పెదవులు మాత్రమే కదులుతున్నాయి. "ఇప్పుడు ఆగింది. ఎదురుచూస్తాంది."

ఎవరే అంటూ ఆమె మొహం నా వైపు తిప్పుకున్నాను.

కమ్మ తీద్దామని చీల పట్టుకున్నాను. తిరగలేదు. చెవి చల్లగా ఉంది, బావి గోడ లాగా. చెవి కింద, మెడ మీద, సన్నటి బూడిదరంగు పొడి రాలి ఉంది. తుడిచాను. మళ్ళీ రాలింది. తుడిచాను... మళ్ళీ.

"బరువైతాంది అత్తా." రొమ్ము మీద ఎవరో ఏదో పేరుస్తున్నట్టు ఊపిరి అందక లాగుతోంది. పెదవులు నల్లబడుతున్నాయి. దేవా, ఈ ఒక్క బిడ్డనూ తీసుకోకు అని లోపల్లోపలే మొరపెట్టుకుంటూ ఆమెను పొదివి పట్టుకున్నాను.

గడపలో అన్న నిలబడి ఉన్నాడు. కరుణ ఆయన వైపు తిరిగింది. ఎడమ చెయ్యి చాపింది. కరుణది ఎడమచేతి వాటం కాదు.

"అందరు వేసిన్రు" అంది మెల్లగా. "నువ్వు ఎయ్యకపోతివి."

గొంతు కరుణదే. ఆ మాట విరుపు మాత్రం ఆమెది కాదు.

అన్న గోడ పట్టుకుని కూలబడ్డాడు. నేను దగ్గరికి పోతే నా చెవిలో చెప్పాడు.

"నాలుక మీద పెట్టుకున్న చెల్లె, అలవాటుగ. అసొంటి మన్ను నాకు ఎన్నడు దొరకలే. రుమాలుల కట్టుకొచ్చిన. నిన్న వేరే తొవ్వ లేక అదే కాచిన." కరుణ చెవుల వంక చూశాడు. "మన్ను కోసమే కాదే. నా పిడికెడు గూడ వేస్తే అయిపోయినట్టే గద. వెయ్యకపోతే ఇంక కొంచెం తెరిచి ఉంటదనుకున్న."

ఆ మన్ను చిటికెడు కూడా మిగల్లేదు. మిగిలింది కమ్మల మీది నలుపు ఒక్కటే.

కరుణను చెరో రెక్క పట్టుకుని సమాధుల తోటకు నడిపించాం. సగం దారిలో ఎక్కడి నుంచో మబ్బు కమ్మి వాన మొదలైంది. తలరాయి దగ్గర అన్న చేతులతోనే తవ్వాడు. నేను లాంతరు ఎత్తి పట్టుకున్నాను. ఈసారి చీల ముట్టుకోగానే తిరిగింది. అన్న ఆ కమ్మలను లాంతరు వెలుగులో ఒక్కసారి చూసుకున్నాడు. ఆయన చేతిలో అంతకంటే మంచి పని రాలేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. గుంటలో పెట్టాడు. పిడికెడు మన్ను తీశాడు. ఈసారి చెయ్యి నోటి దగ్గరికి పోలేదు.

"పోయిరా కమలా" అని వేశాడు.

కరుణ గట్టిగా ఊపిరి తీసుకుంది. "ఆగింది" అంది.

తెల్లవారి పెళ్ళి జరిగింది, బోసి చెవులతోనే. నావి ఇస్తానంటే వద్దంది. దేవుని దయవల్ల పిల్లాపాపలతో చల్లగా ఉంది. చెవులకు మాత్రం ఇప్పటికీ ఏమీ పెట్టదు.

పెళ్ళివారిని బస్సెక్కించి వచ్చి, అన్న పని గది తాళం తీశాం. పీటకు ఎడమ పక్కన పిడికెడు మన్ను ఉంది. రాత్రంతా వాన పడి సమాధుల తోట బురద బురదగా ఉంది. ఈ మన్ను పొడిగా ఉంది. బూడిదరంగు. పిడికిలి బిగించి దించినట్టు వేళ్ళ గుర్తులు. బొటనవేలి గుర్తు ఏ పక్కనుందో చూశాను. ఎడమచెయ్యి... ఆయన వేసింది తిరిగిచ్చిందో, పనికి పనికొస్తుందని తెచ్చిందో, దేవునికే తెలియాలి.

నేనే ఎత్తి తీసుకుపోయి సమాధి మీద పోసి వచ్చాను. అన్న మళ్ళీ ఉలి పట్టలేదు. పెద్ద వాన పడ్డప్పుడల్లా ఆ మన్ను వచ్చేది, నేను ప్రార్థన చేసి ఎత్తేదాన్ని. అన్న అడ్డు చెప్పేవాడు కాదు. నా చేతి వంకే చూస్తుండేవాడు, ఆకలైనవాడు చూసినట్టు.

మన రాష్ట్రానికి మైసూరు పేరు పోయి కర్ణాటక అయిన ఏడాది, క్రిస్మస్ ముందర అన్న పోయాడు. వదిన పక్కనే పెట్టాం. ఈసారి నేను ఒక్కొక్కరి చెయ్యీ చూస్తూ నిలబడ్డాను. అందరూ వేశారు. గది తాళంచెవి అప్పటి నుంచి నా కొంగునే ఉంది, తలుపు తియ్యలేదు.

మొన్న ఈ ఏటి మొదటి వాన పడ్డ పొద్దున తీశాను.

పీట పక్కన రెండు పిడికెళ్ళు ఉన్నాయి. ఒకటి ఎడమచేతిది. ఒకటి కుడిచేతిది.

రెండూ పొడి మన్నే. కుడిచేతిదాని అంచున మాత్రం, చిటికెడంత మేర, తడి ఉంది... ఎవరో నాలుకతో తాకి చూసినట్టు.