తడి ఆరని తెల్లరంగు

“సాయంత్రం అయిదింటికి నన్ను జైలుకు తీసుకెళ్తారటమ్మా!” అన్నాడు నాబ్‌ల మేస్త్రి డిటెక్టివ్ ఇంటి గుమ్మంలోనే నిలబడి.

రేడియోలు, కుట్టుమిషన్లు, పడవలు, వేటివైనా సరే, ఎండకు వెలిసి సున్నం కొట్టినట్టున్న ప్లాస్టిక్ నాబ్‌లను గరుకు కాగితంతో రుద్ది, మెరుగుపెట్టి, కొత్తవాటిలా తిరిగి ఇవ్వడం ఆయన పని. ముప్పై ఏళ్ళుగా ఆ చేతులకు మాట రాలేదు. ఇప్పుడవి ఒక మనిషి ప్రాణం తీశాయంటున్నారు పోలీసులు.

డిటెక్టివ్ ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆమె అసిస్టెంటు స్వయానా ఆమె బాబాయే, రిటైరైన లెక్కల మాస్టారు. కేసేమిటో వినకముందే హామీ ఇచ్చెయ్యడం ఆయనకు అలవాటు.

“మా అమ్మాయి తేల్చేస్తుంది లెండి!” అని ఇప్పుడూ ఇచ్చేశాడు.

మేస్త్రి చెప్పుకొచ్చాడు. పోయినాయన లాంచీలో చుక్కాని పక్కన వరసగా నాలుగు నాబ్‌లు: దీపాలు, ఇంజను గదికి గాలి తోలే ఫ్యాను, నీళ్ళు తోడే పంపు, హారను. వాటి మీద పేర్లు ఎప్పుడో చెరిగిపోయాయి. లాంచీ నడిపే సరంగు కళ్ళు మూసుకుని తిప్పగలడు కానీ, యజమానికి మాత్రం చదివితే తప్ప తెలియదు. అందుకే బాగుచేయించుకున్నాడు. మంగళవారం సాయంత్రం మేస్త్రి నాబ్‌లు బిగించి వెళ్ళాడు. మర్నాడు పొద్దున ఇంజన్లో ఏదో చప్పుడొస్తోందని బావమరిది చెబితే, యజమాని ‘ఫ్యాను’ అని రాసి ఉన్న నాబ్ తిప్పి ఇంజను గదిలోకి దిగాడు. తిరిగింది పంపు. రెండింటి రొదా ఒకటే కావడంతో ఆయనకు తెలియలేదు. పొగగొట్టం అతుకు వదులై ఉంది, పైన తలుపు మూసుకుపోయింది. ఆ ఇరుకు గదిలోనే ఊపిరాడక పోయాడు.

“మీరు తారుమారు చేశారా?”

“లేదని ఒట్టేద్దామంటే నోరు రావట్లేదమ్మా. అరవై దాటాయి. పోలీసులు చూపించినప్పుడు చూశాను, రెండు నాబ్‌ల మీద అక్షరాలు అలుక్కుపోయాయి. చెయ్యి వణికిందేమో. వణికిన చెయ్యి ఇంకేం చేసిందో నాకేం తెలుసు?”

జైలు కన్నా ఆ అనుమానమే ఆయన్ని ఎక్కువగా తినేస్తోంది.

“పేర్లు మీ కొట్లోనే రాసి తెస్తారా?”

“లేదండీ, నాలుగూ ఒకే అచ్చు కదా. పడవలో బిగించి, ఒక్కోటి తిప్పి, ఏది నడిచిందో చూసి, అప్పుడు రాస్తాను. ఆ తెల్లరంగు ఆరాలంటే తెల్లారాలి.”

డిటెక్టివ్ పిలిపిస్తే నాలుగింటికల్లా అందరూ లాంచీలో చుక్కాని ఉన్న పైగదిలో చేరారు. ఇన్‌స్పెక్టరు తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. కిటికీలు బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు. మేస్త్రికి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. ఎదురుగా యజమాని భార్య.

“ఈయన మొహం నాకు చూపించకండి,” అని ఆమె ఏడుస్తుంటే, ఆమె తమ్ముడు, అదే ఆ బావమరిది, కళ్ళు తుడుస్తూ, “ఊరుకో అక్కా,” అంటున్నాడు.

డిటెక్టివ్ భూతద్దంతో నాబ్‌లను పరీక్షించి, ఆ తమ్ముడి వైపు తిరిగింది.

“మీరు వీటిని వాడుతుంటారా?”

“ఎప్పుడూ చెయ్యి పెట్టలేదండీ.”

“ఆ రోజు ఏం జరిగింది?”

“బావ ఎంతకీ పైకి రాలేదు. తలుపు తీస్తే గుప్పుమని పొగ. ఇక్కడికి పరిగెత్తుకొచ్చి, ఫ్యాను వేసి, మళ్ళీ దిగి ఆయన్ని లాగాను.”

“ఎన్ని నాబ్‌లు తిప్పారు?”

“ఒక్కటే. వెంటనే ఫ్యాను అందుకుంది.”

“నిజమేనండి,” అన్నాడు సరంగు. “నేను గట్టు మీంచి వచ్చేసరికి ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పంపూ నడుస్తోంది. కానీ సోమవారం బావాబావమరుదులిద్దరూ గట్టిగా అరుచుకున్నారు.”

“అది మా ఇంటి గొడవ!” అని కసిరాడు తమ్ముడు.

డిటెక్టివ్ భూతద్దం జేబులో పెట్టుకుంది.

“చెయ్యి వణికితే గీత వంకరపోతుంది. ఇక్కడ గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. రెండు నాబ్‌ల మీద మాత్రం పైన బొటనవేలి, అడుగున చూపుడువేలి ముద్రలు పడ్డాయి. రంగు తడిగా ఉండగా ఎవరో పట్టి లాగి, వాటిని మార్చి పెట్టారు. తనెవరో ఆ మనిషి ఇప్పుడే చెప్పేసుకున్నాడు.”

డిటెక్టివ్ తమ్ముడి ముందుకొచ్చి ఆగింది.

“ఫ్యాను అని ఉన్న నాబ్‌ను మీ బావగారు తిప్పే దిగారు. మీరు వచ్చేసరికి అది ఆన్‌లోనే ఉంది. చదివేవాళ్ళకు ఫ్యాను నడుస్తున్నట్టే లెక్క. మరి మీరు దేన్ని తిప్పారు?”

తమ్ముడి చూపు నాబ్‌ల మీదికి పోయింది.

“పంపు అని రాసి ఉన్నదాన్ని. ఎన్నడూ చెయ్యి పెట్టని మనిషికి, అంత కంగారులో, పంపు నాబ్ తిప్పితే ఫ్యాను తిరుగుతుందని ఎలా తెలిసింది? సరంగు వస్తున్నాడు, కాపాడుతున్నట్టు కనిపించాలి. ఆ పొగలో దిగితే మీ ప్రాణానికీ ముప్పే. అందుకే గాలి పెట్టుకుని దిగారు.”

“కంగారులో ఏదో తిప్పాను!”

“అలాగా? రంగులో ముద్రలు చక్కగా ఎండి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు గారికి ఒకసారి మీ బొటనవేలు ఇవ్వండి.”

బాబాయి ఆనందం పట్టలేక “చూశారా!” అనబోయి, ఆ అక్క మొహం చూసి నోరు మూసుకున్నాడు.

తమ్ముడు రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

“అక్కా, లాంచీలో దొంగసరుకు తోలుతున్నానని నన్ను పట్టిస్తానన్నాడు. ఏం చెయ్యమంటావు?”

“మూడు రోజులుగా ఆ చేత్తోనే కదరా నా కళ్ళు తుడిచావు,” అంది ఆమె.

ఇన్‌స్పెక్టరు అతన్ని తీసుకెళ్ళాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. మేస్త్రి తన చేతులకేసి చూసుకున్నాడు. అవి తప్పు చెయ్యలేదు. ఆ సంగతి చాలు, పరుగున ఇంటికి వెళ్ళి ఇంటావిడకు చెప్పాలి.

కానీ ఆ గది గడప మీద యజమాని భార్య కూలబడి ఉంది. “మిమ్మల్ని నానా మాటలూ అన్నాను,” అంటూ దారి ఇవ్వబోయింది కానీ లేవలేకపోయింది. మేస్త్రికి ఆమెను దాటడానికి కాళ్ళు రాలేదు.

“ఫర్వాలేదమ్మా,” అని ఆయన కూడా అక్కడే కూర్చున్నాడు.