చేనిలో జింకలు

ఆదివారం తెల్లవారింది. విడపనకల్లు దగ్గరి ఆ పల్లెలో అక్కమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తడుతోంది. జింకలను చూడటానికి అనంతపురం నుంచి వ్యానులో వచ్చేవారికి అవే ఫలహారం. ఆ యాత్రలు నడిపేది ఆమె కూతురు భారతి. వాకిట నిలబడిన భారతి కాళ్ల ముందు తండ్రి గోవిందప్ప ఒక ప్లాస్టిక్ తొట్టిని విసిరికొట్టాడు.

“మన శనగచేని గట్టున దీన్ని పెట్టిందెవరు?”

“నేనే నాయనా. నీళ్లుంటే మంద ఆడికే వస్తాది. జింక కనపడకపోతే మళ్లీ ఎవరొస్తారు?”

“రాత్రంతా నేను తరమల్ల, తెల్లారితే నువ్వు పిలవల్ల. కాయపట్టే పైరు. అది పోతే ఏడాదంతా ఏం తినల్ల, నీ ఫోటోలా?”

“నువ్వు తరిమితే పక్కోళ్ల చేన్లో పడతాండాయి. వాళ్లు తరిమితే మళ్లీ మనకే. ఇన్నేండ్లూ నువ్వు సాధించింది అదే గదా.”

“పొద్దున్నే ఏమప్పా మీ ఇద్దరికీ,” అన్నది అక్కమ్మ.

వ్యాను వచ్చింది. భారతి యాత్రికులను చేని గట్టుకు తీసుకువెళ్లింది. మగజింకకు వయసు పెరిగేకొద్దీ రంగు నల్లబడుతుందని ఆమె వివరిస్తుండగానే గోవిందప్ప కర్ర పట్టుకుని పైరులోకి పరుగెత్తాడు. మంద నాలుగు గంతులు వేసి, ఆగి, మళ్లీ మేతకు తల వంచింది. మనుషుల అరుపులకు అది ఎప్పుడో అలవాటుపడింది. నాగటి సాలు తట్టుకుని ఆయన బోర్లా పడ్డాడు. గట్టు మీద నవ్వులు లేచాయి.

“పెద్దాయనా, ఇంకొకసారి పరుగెత్తండి. వీడియో సరిగా రాలేదు,” అన్నాడొకడు.

భారతి ఆ ఫోనుకు అడ్డంగా వచ్చి నిలబడింది. తాను పిలుచుకొచ్చిన వాళ్లకు ఇప్పుడు వేడుకైంది నాయన.

“ఫోన్లు లోపల పెట్టండి.”

“ఇంత దూరం వచ్చింది చూడ్డానికే కదమ్మా?”

“చూడమని పిలిచింది జింకల్ని. మా నాయనను కాదు.”

చున్నీ నడుముకు బిగించి చేనిలోకి దిగింది. కేకలు వేస్తూ, ఎక్కడా ఆగకుండా, మంద బీడు దాటేదాకా తరిమింది. గట్టు మీది వాళ్లు గొణుక్కుంటూ వ్యాను వైపు నడిచారు. భారతి తిరిగివచ్చి తండ్రి పక్కన కూలబడింది. విరిగిన శనగమొక్కలను చూసేసరికి దుఃఖం ఆగలేదు.

“నీ పైరును నేనే జింకలకు మేపినా నాయనా.”

“మేపినావు,” అన్నాడు ఆయన, ముఖం తిప్పుకునే. మోచేతి మన్ను దులుపుకున్నాడు. “జింకల్ని చూపించొద్దని నేనన్నానా? గుట్ట కింద బీడుండాది. నీళ్లు ఆడ పెట్టు. నేనూ మోస్తా.”

ఆమె చేయి చాచింది. ఆయన కర్ర ఊతంతోనే లేవబోయి, లేవలేక, ఆ చేయి పట్టుకున్నాడు.