చూడకుండా నొక్కిన వేలు

గంజికి బియ్యం తీద్దామని డబ్బాలో చెయ్యి పెట్టిన గురునాథానికి కొడుకు ఫోన్ తగిలింది.

"గవరా! ఇదేటిది? ఫోన్లు కూడా వండుతున్నావేటి?"

పెరట్లో చేపలు శుభ్రం చేస్తున్న భార్య గవరమ్మ తల ఎత్తలేదు. విషయం లాగేసరికి గురునాథానికి ఓపికంతా అయిపోయింది. కొడుకు కన్నారావుని ఫోన్ తీసుకుని స్టేషన్‌కి రమ్మని పోలీసులు కబురు పెట్టారు. అది విని ఆవిడ దాన్ని చేపల టబ్బులో ఉప్పునీళ్లలో ముంచింది. ముంచాక కొత్త ఫోనే కదా అని మనసొప్పక, ఆరుతుందని బియ్యంలో పెట్టింది.

"సముద్రంలో పడిపోనాదని సెప్తే సరి. ఈ వండూర్ రేవులో ఎవరి ఫోన్ పడలేదు?"

"సముద్రంలో పడింది బియ్యం డబ్బాలోకి ఎలా ఈదుకొచ్చిందే?"

గురునాథానికి గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. ఈ ఇంట్లో అందరికీ ఫోన్ గురించే దిగులు. పోయిన పిల్ల గురించి ఒక్కరూ నోరెత్తరు.

ఆ పిల్ల అమ్మడు. గురునాథానికి అన్న వరసయ్యే నూకన్న కూతురు. నూకన్న పోయాక, జెట్టీ దగ్గర, సముద్రం అడుగు చూపించే అద్దాల పడవకి టిక్కెట్లు అమ్ముతూ తల్లి యర్రమ్మని పోషించింది. ఒకరోజు వానలో ఎవరో టూరిస్టు జాలిపడి ఆమెకి గొడుగు పట్టాడు. కన్నారావు అది వీడియో తీసి, 'మా కొత్త బావ' అని రాసి పడవలవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అక్కణ్నుంచి అది దీవిలో పట్నం పక్కనున్న బతు బస్తీ దాకా పాకింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఆ పిల్లని అనరాని మాటలన్నారు. వారం తిరక్కుండానే అమ్మడు ప్రాణం తీసుకుంది.

కన్నారావు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు.

"నేనొక్కణ్నే చంపినట్టు చూస్తావేటి నాన్నా? మజాక్‌కి పెట్టాను. గాలీలు, బూతులు నేను తిట్టలేదు. వకీల్ భయ్యా కూడా కేసు నిలబడడం ముష్కిలే అన్నాడు. నీ ఫోన్‌లోంచి కూడా ఆ గ్రూప్ తీసెయ్, బస్."

"కేసు సంగతి కోర్టు సూసుకుంటాదిరా. చెల్లెలు వరసైన పిల్లని అందరి నోళ్లలో పెట్టావు. యర్రమ్మ వదినకి ఏటి సెప్తావో అది సెప్పు ముందు!"

"ఏటీ సెప్పక్కర్లేదు!" గవరమ్మ చేతులైనా కడుక్కోకుండా లోపలికొచ్చింది. "ఒక్కగానొక్క గుంటడు. జైల్లో పెడితే నానేటైపోవాలి?"

"ఆవిడకీ ఒక్కతే గుంట!"

కన్నారావు గొణిగాడు. "నా మీద అరుస్తావెందుకు? నువ్వూ ఆ వీడియోకి అంగూఠా పెట్టావుగా."

పడవల గ్రూపుకి ఒక కట్టుబాటుంది. గాలి లేస్తోందనో, వేటకి వెళ్లొద్దనో కబురొస్తే, అందిన ప్రతివాడూ బొటనవేలి గుర్తు పెట్టాలి. పెట్టకపోతే ఆ పడవ ఏమైందోనని అందరూ హడలిపోతారు. గురునాథం ఏ కబురొచ్చినా ముందు వేలు నొక్కేసి, తీరికుంటే తర్వాత చూసేవాడు. తన వేలే అందరికంటే ముందు పడుతుందని అతనికి కాస్త గర్వం కూడా.

అమ్మడు పోయాక ఆ వీడియో తెరవడానికి అతనికి చేతులు రాలేదు. ఇప్పుడు తెరిచాడు. గొడుగు కింద అమ్మడు నవ్వుతోంది. కింద వరసగా బొటనవేళ్లు. మొట్టమొదటిది గురునాథానిదే.

"గాలి కబురనుకున్నాన్రా..." అన్నాడు. కన్నారావు తల దించుకున్నాడు.

గురునాథం రెండు ఫోన్లూ జేబులో వేసుకుని, కొడుకు రెక్క పట్టుకుని బయటికి నడిచాడు. గవరమ్మ ఏడుస్తూ వెనకాలే వచ్చింది.

యర్రమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. గురునాథం ఫోన్ చూపించబోతే చేత్తో వారించింది.

"తెలుసు. అమ్మడు సూపించింది. 'బాబాయ్ కూడా పెట్టాడే అమ్మా' అంది. ఆడు ఏదొచ్చినా సూడకుండా నొక్కేస్తాడే, పట్టించుకోకు అన్నాను."

"ఏటందొదినా?"

"'నేనని కూడా సూడలేదా' అంది."

గురునాథం అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్లూ తప్పంతా వాళ్లదేనని ఇంట్లోవాళ్ల మీద ఎగిరాడు. ఆ పిల్ల బాబాయ్ ఏమంటాడా అని చూస్తే, తను వీడియో తెరిచి కూడా చూడలేదు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

తండ్రి అలా ఏడవడం కన్నారావు ఎన్నడూ చూడలేదు. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా బద్దలై యర్రమ్మ కాళ్ల మీద పడ్డాడు. ఆవిడ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"నా కాళ్లెందుకురా? ఎల్లి, పోలీసులకి ఉన్నది ఉన్నట్టు సెప్పు."

గవరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, యర్రమ్మ పక్కన చతికిలబడింది. యర్రమ్మ పొమ్మనలేదు.

స్టేషన్‌లో కన్నారావు అడక్కుండానే అన్నీ చెప్పాడు, ఉప్పునీళ్ల సంగతితో సహా. గురునాథం తన ఫోన్ కూడా బల్ల మీద పెట్టాడు.

"ఆప్ కో తో నహీ బులాయా," అన్నాడు ఎస్సై. మిమ్మల్ని పిలవలేదే అని.

"పిలవలేదు బాబూ," అన్నాడు గురునాథం కళ్లు తుడుచుకుంటూ. "కానీ ముందు నొక్కింది నేనే. అదీ రాసుకోండి."